బండి దించిన మేస్త్రి గారు

పోయిన వారం మా పికప్ బండికి వెనక కమాను బోల్టు విరిగింది. డ్రైవరు సూరిబాబు ఫోన్ చేస్తే, ఎప్పటిలాగే "మేస్త్రి గారి దగ్గర పెట్టు, నేనొస్తున్నాను" అన్నాను. కొత్తపేట దాటాక కాలువ పక్కన ఆయన షెడ్డు దగ్గర ఆటో దిగేసరికి రేకు తలుపు వేసి ఉంది. సూరిబాబు బండి నీడలో నిలబడి నా వంక చూడకుండా చెవి గోక్కుంటున్నాడు. పక్కనున్న టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే చెప్పాడు.

"మీకు తెలీదాండీ? పోయేరండి మేస్త్రి గారు. ఇవాల్టికి తొమ్మిది రోజులండి."

ఆ తొమ్మిది రోజుల్లో నేను ఆ రోడ్డు మీద రెండు సార్లు రావులపాలెం వెళ్లి వచ్చాను. తలుపు వేసి ఉండడం చూశాను కూడా. ఏ పెళ్లికో వెళ్లి ఉంటారనుకున్నాను. ఇప్పుడు విన్నాక ఏడుపేమీ రాలేదు, టీ కొట్టు బల్ల మీద కూలబడ్డానంతే. ఈ వయసులో చావు కబురు వింటే ముందు కాళ్లు అలిసిపోతాయి, మనసు సంగతి తర్వాత. టీ తాగమన్నాడాయన, తాగాను. పంచదార ఎక్కువైంది.

ఆయన పేరు నాకు తెలియదు. ఎనిమిదేళ్ల పరిచయం, ఒక్కసారీ అడగలేదు. నా ఫోన్లో 'కమాన్ మేస్త్రి' అని ఉంటుంది. బండి వెనక ఇరుసు మీద ఇనప పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వంచి, బిగించిన కట్ట ఉంటుంది. దాన్నే కమాను అంటారు. మోసే బరువంతా దాని మీదే. కోనసీమలో కొబ్బరికాయ మోసే బండ్లూ, అరటి గెలలు మోసే బండ్లూ, మండపేట నుంచి ధాన్యం లారీలూ కూడా ఆ కట్టలు విరిగితే ఆయన దగ్గరికే వచ్చేవి.

నిజం చెప్పాలంటే ఆయన మొహం కంటే పాదాలే నాకు బాగా తెలుసు. ఎప్పుడు వెళ్లినా బండి కింద వెల్లకిలా పడుకుని ఉండేవారు, పగుళ్లిచ్చిన రెండు పాదాలు మాత్రం బయటికి కనిపించేవి. వచ్చినవాళ్లు ఆ పాదాలకే నమస్కారం పెట్టి, ఆ పాదాలతోనే బేరమాడి వెళ్లేవారు. కింద నుంచి "ఆయ్" అని వినిపించేది. ఆ "ఆయ్" మూడు రకాలు. పొట్టిగా అంటే పని అవుతుందని. కొంచెం సాగదీస్తే మీరు చెప్పింది నమ్మలేదని. అసలు అనకుండా సుత్తితో రెండు సార్లు టకటకమని కొడితే, ఇంక మీరు వెళ్లొచ్చని.

బరువెంత అని ఆయన ఎవర్నీ అడిగేవారు కాదు. మా బండ్లవాళ్లు టన్నుల లెక్కలో ఒక్కరూ నిజం చెప్పరని ఆయనకి తెలుసు. "కాయెంత ఏస్తారో చెప్పండి, బరువు నేను చూసుకుంటాను" అనేవారు. కాయ లెక్కలో మనిషి అబద్ధం ఆడలేడు, నోట అలవాటుగా నిజమే వచ్చేస్తుంది. గెలల బండి వస్తే గెలలెన్ని అనీ, ఇటుకల బండి వస్తే ఇటుకలెన్ని అనీ అడిగేవారు. తర్వాత రోడ్డు సంగతి. గట్టు రోడ్డా, గోదారి లంకలోకి దిగే బాటా, తారు రోడ్డా అని. ఆ రెండూ తెలిస్తే చాలు, ఎన్ని పట్టీలు వెయ్యాలో చెప్పేసేవారు.

మొదటిసారి ఆయన్ని చూసింది ఎనిమిదేళ్ల కిందట. మావారు మస్కట్ నుంచి సెలవుకి వచ్చి, ఈ పికప్ కొన్నారు. అయినవిల్లి చుట్టుపక్కల తోటల్లో కాయ కొని అంబాజీపేట మార్కెట్టుకి తోలే పని మాది. అంటే నాది. ఆయనది మస్కట్ నుంచి ఫోన్లో చెప్పే పని. కొన్న మర్నాడే కొత్త బండిని మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్లి చెరో వైపు రెండేసి పట్టీలు అదనంగా వేయించారు, కాయ ఎక్కువ పడుతుందని. పని అయ్యేసరికి బండి వెనక భాగం పందెం పుంజులా పైకి లేచింది. మావారు దాని చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి మురిసిపోయారు.

ఇంటికొచ్చి చూస్తే బండి ఎడమ పక్కకి ఒరిగి ఉంది. మర్నాడు పొద్దున్నే మేస్త్రి గారు తనంతట తనే మోపెడ్ మీద మా ఇంటికొచ్చారు. మేం ఫిర్యాదు కూడా చెయ్యలేదు.

"రాత్రంతా అనుమానంగానే ఉందండి. కుడిపక్క కుడిచేత్తో కొలిచేను, ఎడంపక్క ఎడంచేత్తో కొలిచేను. తప్పు నాదేనండి" అని ఎడమ చెయ్యి చూపించారు. చిటికెన వేలు పై కణుపు లేదు. ఎప్పుడో పట్టీ జారి పడి తెగిందట. టేపు వాడరు, జానతో కొలుస్తారు, కుడిచేతి జానకీ ఎడమచేతి జానకీ అంగుళం తేడా. మా వాకిట్లోనే జాకీ పెట్టి సరిచేసి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్లారు. అంత మాత్రానికి పాతిక కిలోమీటర్లు రావాలా అని మావారు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ రోజు నుంచే ఆయన మీద గురి కుదిరింది.

ఇక మంగాయమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ లేకపోతే మేస్త్రి గారి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు.

మంగాయమ్మ మా దగ్గర కాయ ఎత్తే మనిషి. తోటలో రాశిగా పోసిన కాయల్ని తట్టకెత్తుకుని, నెత్తిన పెట్టుకుని వచ్చి, బండి దగ్గర రెండు చేతులా తలకంటే పైకి లేపి, వెనక డోరు అంచు మీంచి లోపలికి బోర్లించాలి. ముగ్గురు ఆడవాళ్లు ఎత్తేవారు, అందులో పెద్దది ఆవిడే. యాభై దాటి ఉంటాయి. మనిషి పొట్టి. కూతురు పోతే మనవరాలిని తనే పెంచి, అమలాపురంలో నర్సింగులో చేర్పించింది. ఆ పిల్ల చదువు పూర్తయ్యేదాకా చెయ్యి ఆడాలి, అదొక్కటే ఆవిడ కోరిక. గుడికెళ్లినా అదే మొక్కేది.

బండి కొన్న ఆరేళ్లకి ఒకరోజు తట్ట జారి కాయలు ఆవిడ భుజం మీద పడ్డాయి. లేచి చీర దులుపుకుని మళ్లీ తట్టందుకుంది. మర్నాడు ఇంకోసారి పడింది. సూరిబాబు నన్ను పక్కకి పిలిచి, "చెయ్యి తిమ్మిరెక్కిపోతందంటండి ఆవిడకి. చెప్పుకోవట్లేదు. ముమ్మిడివరం నుంచి మగాళ్ల జట్టు వస్తారంటండి, మాట్టాడమంటారా?" అన్నాడు. మంగాయమ్మ చూస్తూనే ఉంది. ఆవిడకి వినపడకపోయినా విషయం తెలుసు. నేను దగ్గరికెళ్లి, ఏమైందే అని అడిగాను.

"ఏం లేదండి అమ్మగారూ. రేపటికి సర్దుకుంటాది" అంది. నేను కదలకుండా నిలబడేసరికి తల దించుకుని, "బండి ఎత్తు పెరిగిందండి. నేను పెరగలేదు గదండీ" అంది.

"ఎప్పుడు పెరిగింది?"

"కొన్నప్పుడేనండి. ముందర ఆటోకి ఎత్తేవోళ్లం, అది భుజందాకానే ఉండేది. దీనికి మునికాళ్ల మీద లేవాలండి."

"ఆరేళ్లయింది కదే. అప్పుడే చెప్పొచ్చుగా."

"ఏవని చెప్పమంటారండి? బండి మీది గదండీ."

ఆరేళ్లు నేను ఆ బండి పక్కనే కుర్చీ వేసుకుని కాయ లెక్కపెట్టించాను. తట్ట పైకి లేచేటప్పుడల్లా ఆవిడ మడమలు నేల మీంచి లేవడం నా కళ్ల ముందే జరిగింది. రోజుకి ఎన్ని తట్టలో నాకు తెలుసు, ఎందుకంటే తట్టలు లెక్కపెట్టేది నేనే. మడమలు మాత్రం చూడలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ సాయంత్రం మావారితో ఫోన్లో చెప్పాను, బండి వెనక కొంచెం దింపిద్దామని. "దించడమేంటి, పిచ్చా? దించితే కాయ పట్టదు. బండిని మార్చడం కంటే మనిషిని మార్చడం తేలిక. ఆవిణ్ణి మానిపించి జట్టుని పెట్టుకో" అన్నారు. చెడ్డమనిషి కాదు. అక్కడ ఎండలో ఆయన పడే పాట్లు ఆయనవి. నేను "చూస్తాలెండి" అని ఫోన్ పెట్టేశాను. పాతికేళ్ల కాపురంలో నేను గెలిచిన పనులన్నీ చూస్తాలెండి అన్నవే.

మర్నాడు షెడ్డుకి వెళ్లి, ఎప్పటిలాగే పాదాలతో చెప్పాను, వెనక కమాను దించాలని.

"దించమనేది కుర్రోళ్లండి, స్టైలుకి. ఆళ్లకి నేను చెయ్యనండి" అంది కింద నుంచి గొంతు. "మీకెందుకండి అమ్మాయిగారూ?"

కారణం చెప్పాను. ఆయ్ అనలేదు, సుత్తి చప్పుడూ రాలేదు. కాసేపటికి ఆయన బండి కింద నుంచి పూర్తిగా బయటికి జరిగి లేచి కూర్చున్నారు. పని మధ్యలో ఆయన అలా బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. నుదుటి మీద గ్రీజు. ఒళ్లంతా అలసట.

"ఎత్తేది ఆడోళ్లాండీ?" అన్నారు.

"అవునండి."

"నేనడగలేదండి. కాయెంతో అడిగేను, రోడ్డు ఎలాంటిదో అడిగేను. ముప్పై ఏళ్ల బట్టీ ఇయ్యే అడుగుతున్నాను. ఎత్తేదెవరని ఒక్కర్నీ అడగలేదండి."

నేను ఓదార్పుగా, మీ తప్పేముందండీ మేం వేయించుకున్నాం మీరు వేశారు అన్నాను. ఆయన ఆ మాట వినిపించుకోలేదు. రేపు పొద్దున్న ఆ చెల్లెమ్మని తోటలోనే ఉండమనండి, బండి కూడా అక్కడే ఖాళీగా పెట్టించండి, నేనొస్తాను అన్నారు.

పొద్దున్నే తోటకి వచ్చారు. జేబులో సుద్దముక్క. బండిని సమంగా ఉన్న చోట ఆపించి మంగాయమ్మని పిలిచారు. ఆవిడ పైట బిగించుకుని, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు వచ్చి నిలబడింది.

"ఖాళీ తట్ట ఎత్తి డోరుకి ఆనించు చెల్లెమ్మా. మడమలు లేపకు."

ఆవిడ ఎత్తింది. మడమలు లేచాయి.

"లేపకన్నానా?"

"లేపకపోతే అందదు గదండీ."

"అందక్కర్లేదు. నీకెంత వస్తే అంత. మిగతాది నా పని."

మూడు సార్లు చేయించారు. మూడుసార్లూ ఆవిడ కాళ్లు వాటంతటవే లేచాయి. నాలుగోసారి ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, ఆవిడ పాదాల వంకే చూస్తూ, "ఊఁ, ఇప్పుడు" అన్నారు. మడమలు నేల మీదే ఉండగా తట్ట అంచు డోరు మీద ఎక్కడ ఆనిందో అక్కడ సుద్దతో గీత గీశారు. గీతకీ డోరు పై అంచుకీ మధ్య కుడిచెయ్యి పెట్టి చూస్తే ఆరు వేళ్ల వెడల్పు తేలింది. మిగతా ఇద్దరు ఆడవాళ్లూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, మంగాయమ్మకి చొక్కా కుట్టిస్తున్నారని. మంగాయమ్మ నవ్వలేదు. ఆ గీతని వేలితో ముట్టుకుని చూసింది.

"పైన ఏసిన పట్టీలు తీసేస్తే మూడు వేళ్లు దిగుతాదండి" అన్నారాయన నాతో. "మిగతా మూడు వేళ్లకి కంపెనీ పట్టీల వంపు తియ్యాలి. కాయ మూడొందలు తగ్గించి వేసుకోవాలండి. ఒప్పుకుంటేనే చేస్తాను. ఒప్పుకుని తర్వాత ఎక్కువేస్తే ఇరుసు పైకొచ్చి కొట్టుకుంటాది, అప్పుడు నన్నడగొద్దు."

మూడొందల కాయ తగ్గితే వారానికి ఇంకో ట్రిప్పు పడుతుంది. సూరిబాబు మొహం ముడుచుకున్నాడు. నేను ఒప్పుకున్నాను.

ఆ పని రెండు రోజులు పట్టింది. పట్టీ ఎర్రగా కాల్చి వంపు తీస్తే గంటలో అయిపోతుంది. ఆయన కాల్చలేదు. "కాలిస్తే సుఖమేనండి, కాని ఇనుములో సత్తువ పోతాది. ఆర్నెల్లకి విరుగుతాది" అని, చల్లటి పట్టీని దాగలి దిమ్మ మీద పెట్టి సమ్మెటతో కొట్టడం మొదలుపెట్టారు. ఒక్క దెబ్బకి ఏమీ కాదు. వంద దెబ్బలకీ ఏమీ అయినట్టు కనపడదు. కొట్టడం, ఎత్తి ఒక కన్ను మూసి చూడడం, మళ్లీ పెట్టి కొట్టడం. నేను బోర్లించిన ఆయిలు డబ్బా మీద కూర్చుని చూశాను. అరవై దాటిన మనిషి. సాయం పిలవమంటే, దెబ్బ ఒక చేతిదే పడాలండి, లేకపోతే రెండు కట్టలకీ తేడా వస్తాది, ఒకసారి తేడా చేసి మీ ఇంటికొచ్చేను గదా అన్నారు. కాసేపు కొట్టి ఆగేవారు. ఆగినప్పుడు గోడకి జారబడి కళ్లు మూసుకునేవారు. మేమిద్దరం అలిసిపోయిన మనుషులం, ఆ షెడ్డులో కాలువ చప్పుడు తప్ప ఏమీ లేదు.

రెండో రోజు సాయంత్రం బండి దిగింది. తోటకి తీసుకెళితే మంగాయమ్మ నిండు తట్ట ఎత్తి బోర్లించింది. మడమలు లేవలేదు. వెనక్కి తిరిగి ఇంకో తట్ట తేవడానికి వెళ్లిపోయింది. మేస్త్రి గారు అది చూడడానికి రాలేదు. చెబితే పొట్టిగా ఆయ్ అన్నారు.

తర్వాత సూరిబాబు చెబుతుండేవాడు, ఆయన ఇప్పుడు వచ్చిన ప్రతివాడినీ ఎత్తేదెవరండీ అని అడుగుతున్నారని. కొందరు నవ్వేవారట, కొందరు విసుక్కుని వేరే షెడ్డుకి పోయేవారట. కాయెంత అని అడిగినా, రోడ్డు ఎలాంటిది అని అడిగినా చెబుతారు గాని, ఆ ప్రశ్నకి జవాబు చాలామందికి తెలియదట.

కథయితే ఇక్కడ ఆపేయొచ్చు. కాని పద్నాలుగు నెలల తర్వాత మంగాయమ్మ కుడిచెయ్యి పూర్తిగా లేవకుండా అయిపోయింది. మెడలో నరం నలిగిపోయిందనీ, ఏళ్ల తరబడి నలిగిందనీ అమలాపురం డాక్టరు చెప్పాడు. ఇప్పుడు మా కొట్టంలో కూర్చుని ఎడమచేత్తో కాయ ఏరుతుంది. ఆ కబురు తీసుకుని నేను షెడ్డుకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు, ఎవరి మీదో ఒకరి మీద విసుక్కోవాలనిపించింది.

"ఇంత చేసీ ఏం లాభమండీ" అన్నాను పాదాలతో.

కింద నుంచి గొంతు వినిపించింది. "ఆరేళ్లు ఎత్తింది గదండీ అమ్మాయిగారూ. అదెక్కడికి పోతాది."

అదే నేను ఆయనతో ఆఖరుసారి మాట్లాడడం.

టీ కొట్టు దగ్గర నుంచి ఇంటికొచ్చి మంగాయమ్మకి చెప్పాను, మేస్త్రి గారు పోయారని. కాయ ఏరడం ఆపింది. "పద్నాలుగు నెలలండి" అంది. నాకు అర్థం కాలేదు. "బండి దించేక నేను ఎత్తింది. ఆ పద్నాలుగు నెలల్లోనే గదండీ పిల్ల ఆఖరు పరీక్షలు అయ్యింది." తర్వాత, "ఇల్లెక్కడండీ మేస్త్రి గారిది? నేనొస్తానండి" అంది. పని మానేసి ఎక్కడికైనా వస్తానని ఆవిడ నాతో అనడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. షెడ్డు వెనక సందులో ఇల్లు. అరుగు మీద చాప వేసి ఆయన భార్య కూర్చుని ఉంది, చుట్టూ నలుగురు చుట్టాలు. పలకరింపులకి విసిగిపోయిన మొహం. మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టలేదు. చుట్టాల్లో ఒకావిడ, "మీరేమవుతారమ్మా ఆయనకి?" అని అడిగింది.

బండి పనికి వచ్చేవాళ్లమని చెప్పబోయాను. ఈలోగా మంగాయమ్మ అంది, "ఏమీ అవ్వనండి. నా ఎత్తుకి బండి దించేరండి వారు."

చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి గారి భార్య తలెత్తింది.

"తోటలో నిలబెట్టి సుద్దతో గీత గీసింది మీకేనా?"

"ఆయ్."

"ఆ రెండ్రోజులూ ఇంటికొచ్చాక చెయ్యి లేవలేదమ్మా ఆయనకి. కంచం దాకా కూడా రాలేదు. నేనే కలిపి ముద్దలు పెట్టేను. ఎవరి బండండీ అది, మానేయొచ్చు గదా అంటే కోప్పడ్డారు. ఆవిడ ఆరేళ్లు ఎత్తింది, నేను రెండ్రోజులు కొట్టలేనా అన్నారు."

మంగాయమ్మ కళ్లు తుడుచుకోబోయింది గాని కుడిచెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన భార్య అది చూసింది. చాప మీద కొంచెం పక్కకి జరిగి, "ఇలా వచ్చి కూర్చో అమ్మా" అంది. మంగాయమ్మ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

ఆ చాప మీద నాకూ చోటుంది. రమ్మని నాకూ చెప్పారు. వెళ్లి ఆ ఇద్దరి పక్కనా కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు.